ఆదివారం మందు

గుడివాడ బస్టాండులో దిగాక గోపాలకృష్ణమూర్తిగారికి ప్రతి గురువారం రెండే పనులు. ఒకటి, కుళాయి దగ్గర ఇన్ని మంచినీళ్ళు తాగడం. రెండు, మనవరాలు తన్మయిని బడి నుంచి ఇంటికి నడిపించుకు వెళ్ళడం. ఆ గురువారం ఆయన మొదటి పని మళ్ళీ మళ్ళీ చేశారు. రెండోది మరిచిపోయారు.

మరిచిపోయిన సంగతి కూడా ఆయనకు తెలియలేదు. నీళ్ళు తాగారు. బల్ల మీద కూర్చున్నారు. కూర్చోబుద్ధి కాక లేచి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. మళ్ళీ దాహం వేసింది, మళ్ళీ తాగారు. ఎదురుగా బందరు బస్సు కదలబోతుంటే, తాను బందరు మనిషే కాబట్టి, అలవాటుగా ఎక్కి కూర్చున్నారు. కౌతవరం దాటాక ఫోను మోగింది.

"నాన్నా, తన్మయి నీ దగ్గరే ఉందా?" కూతురు హరిచందన గొంతు. "బడి వాళ్ళు ఫోన్ చేశారు."

ఆయన పక్క సీటు వైపు చూశారు. ఎవరూ లేరు.

"వస్తున్నానమ్మా," అన్నారు. బస్సు మాత్రం అవతలి దిక్కుకు పరుగెడుతూనే ఉంది.

కండక్టరు విసుక్కోలేదు. సంగతి విని స్టాపు కాని చోట బస్సు ఆపించాడు. తనే కిందికి దిగి, ఎదురుగా వస్తున్న గుడివాడ బస్సుకు చెయ్యి అడ్డం పెట్టి, "పెద్దాయన్ని బడి మలుపులో దింపవయ్యా" అని అప్పగించాడు. అంత ఆదుర్దాలోనూ మూర్తిగారు ఆ మనిషి మొహం గుర్తు పెట్టుకోవాలని గట్టిగా అనుకున్నారు. బస్సు కదిలేసరికి అదీ చెదిరిపోయింది.

ఆయన బడి చేరేసరికి గేటు మూసేశారు. బయట ఆటో జకరయ్య తన బండిలో తన్మయిని కూర్చోబెట్టి, తాను కింద నిలబడి కాపలా కాస్తున్నాడు. హరిచందన అప్పటికే వచ్చేసింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తాతయ్య మర్చిపోలేదమ్మా," అంటోంది తన్మయి తల్లితో. "లేటయింది, అంతే. నీకు కాలేజీలో లేటవదా?"

ఆ రాత్రి భోజనాల దగ్గర అల్లుడు సాయిశరణ్ రోడ్ల గురించి, వానల గురించి మాట్లాడాడు. జరిగిన దాని గురించి ఒక్క మాట అనలేదు. అనవలసిన మాట హరిచందనే అంది, గిన్నెలు సర్దుతూ, ఆయన వైపు చూడకుండా.

"ఇకమీద తన్మయిని నేనే చూసుకుంటాను నాన్నా. జకరయ్యకి నెలకి మాట్లాడేశాను."

"మంచిదమ్మా."

"నీకు శ్రమ తగ్గుతుందని..."

"అవునమ్మా, తెలుసు."

హరిచందన గురువారం ఉపవాసం ఉంటుంది. దీపం పెట్టి, భోంచేశాక, తండ్రికి ఓ గోళీ ఇవ్వడం కొన్నాళ్ళుగా అలవాటు. ఆ రోజూ మరిచిపోలేదు. "బలానికి నాన్నా," అంటూ ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు.

ఏం మందని ఆయన అడగలేదు. జీవితంలో ఎప్పుడూ అడగలేదు. భార్య కామేశ్వరి ఉన్నన్నాళ్ళూ జ్వరానికైనా, దగ్గుకైనా ఆవిడే తెచ్చి అరచేతిలో పెట్టేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి "ఏమిటిది?" అంటే, "మీకు పాఠాలు తెలుసు, నాకివి తెలుసు, మింగండి," అంది. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి, పుస్తకాల్లో అడుగున ఉండే చిన్న అక్షరాల వివరణలు కూడా వదలకుండా చదివిన మనిషి, మందు చీటీ మీద ఏముందో ఏనాడూ చూడలేదు. ఆవిడ పోయాక అరచేయి ఖాళీ అయిపోతుందనుకున్నారు. కాలేదు. కోడలు, కూతురు, చెల్లెలు, ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడుతూనే ఉన్నారు. దాన్ని తిరగేసి చూసి పేరు అడగడమంటే పెట్టిన చేతిని అనుమానించడమే అని ఆయనకు తోచేది.

మర్నాడు సాయంత్రం ఆయన వరండాలో కూర్చుని ఆటో చప్పుడు కోసం చూశారు. కూర్చోలేక లేచారు, లేచి మళ్ళీ కూర్చున్నారు. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నట్టు అప్పుడు కనిపించింది.

తన్మయి ఆటోలోంచి దూకి వచ్చింది. "నువ్వెందుకు రాలేదు తాతయ్యా?"

"ఆటో బాగుంటుంది కదే."

"ఆటోలో కథ లేదు." సంచీ విసిరేసి పక్కన చేరింది. "చెప్పు. పాలకాయతిప్ప దగ్గర ఎండ్రకాయ దారి తప్పింది కదా. ఏరు ఇటు లాగుతోంది, సముద్రం అటు లాగుతోంది. తర్వాత?"

అది ఆయన సొంత కథ. బడి నుంచి ఇంటికి నడుస్తూ వారం వారం పెంచుకొచ్చిన కథ. ఇప్పుడు నోరు తెరిస్తే ఎండ్రకాయ ఒక్కటే కనిపించింది. ఏరూ లేదు, సముద్రమూ లేదు.

"రేపు చెప్తాను," అన్నారు.

"రేపు నువ్వు కోడూరు వెళ్ళిపోతావుగా!"

*

కామేశ్వరి పోయాక ఆయన ఒక్కచోట ఉండలేకపోయారు. బందరులో కొడుకు ఆత్రేయ, కోడలు సువర్చల దగ్గర ఆదివారం మధ్యాహ్నం నుంచి. గురు, శుక్రవారాలు గుడివాడలో కూతురి దగ్గర. శనివారం దివిసీమలో, కోడూరులో, చెల్లెలు వేదవతి దగ్గర. ఆదివారం పొద్దున మళ్ళీ బందరు బస్సు. మొదట్లో దుఃఖం మరిచిపోవడానికి తిరిగారు. తర్వాత తన్మయి చెయ్యి పట్టుకుని నడవడం కోసం తిరిగారు. ఆ నడకే ఇప్పుడు చెయ్యి జారింది.

నిరుడు వానాకాలంలో ఆయనకు తొడలు లాగడం మొదలైంది. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవలసి వచ్చేది. బందరులో డాక్టర్ పూర్ణచంద్రరావు రక్తపరీక్ష చేయించి, ఒంట్లో విటమిన్ డి అడుగంటిందన్నారు.

"సముద్రం పక్కన ఊరు మనది. ఎండకి కరువేంటండీ?" అన్నారు మూర్తిగారు.

"ఊరికి లేదు మాస్టారూ, మీకే ఉంది. ఎప్పుడు నడుస్తారు?"

"తెల్లవారకముందు. మళ్ళీ దీపాలు పెట్టాక."

"మధ్యలో?"

"గదిలో, పుస్తకాలతో."

"బయటికెళ్తే?"

"గొడుగుంటుంది."

డాక్టరు నవ్వారు. "తొలి పొద్దు ఎండ కంటికి హాయి. ఈ పనికి మాత్రం చాలదు. కాస్త పొద్దెక్కాక చేతులకీ కాళ్ళకీ తగలాలి. మాడిపోయేంత అక్కర్లేదు, కాసేపు చాలు. వయసొచ్చాక చర్మం ఈ విటమిన్ తయారుచేసుకోవడం కూడా తగ్గుతుంది. చేపలు తింటారా? గుడ్డు?"

"రెండూ లేవు."

"అయితే మందు వాడాల్సిందే. వారానికొకటి, రెండు నెలలు. అవగానే మళ్ళీ రక్తపరీక్ష చేయించి నాకు కనిపించండి."

ఆత్రేయ ఆ చీటీ ఫోటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ అయ్యో అన్నారు. సువర్చల ఆదివారం సూర్యుడి వారమని ఎంచి, ఆ రాత్రి పాలలో పొడి కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి కాళ్ళలో సత్తువ వచ్చింది. మూర్తిగారు కోడూరు దాకా నిలబడి ప్రయాణం చేశారు. బాగున్న మనిషిని డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? రెండు నెలలు గడిచాయి, సంక్రాంతి గడిచింది, శివరాత్రీ గడిచింది. మందు ఆగలేదు, పరీక్ష జరగలేదు.

దాహం ఎప్పుడు మొదలైందో ఆయనకు తెలియదు. ఆ తర్వాత మలబద్ధకం, వికారం, అన్నం చూస్తే విముఖత. రాత్రిళ్ళు మాటిమాటికీ లేవడం. ఇప్పుడు మరుపు.

*

కోడూరు బస్సులో, అవనిగడ్డ దగ్గర, చేపలమ్మే సత్యవతమ్మ ఖాళీ తట్టతో ఎక్కి ఆయన పక్కన కూర్చుంది. శనివారం బస్సులో ఇద్దరికీ ముఖపరిచయం. మూర్తిగారు తన సీసా తలకిందులు చేసి చుక్క కోసం చూస్తుంటే ఆవిడ తనది ముందుకు చాపింది.

"తాగుతారా అయ్యగారూ? చేపల వాసనొస్తదేమో మరి."

"నీళ్ళకి వాసనేమిటమ్మా," అని సగం తాగేశారు.

"ఓలమ్మో! ఉప్పుచేప తిన్నోళ్ళు కూడా ఇంత తాగరండీ. ఎక్కడన్నా దొంగతనంగా తిన్నారా ఏంటి?"

ఆయనకు నవ్వొచ్చింది. ఆ వారంలో వచ్చిన మొదటి నవ్వు.

"షుగరేమో సూపించుకున్నారా?"

"చూపించుకున్నాను. లేదన్నారు."

"మరి దేనికంటారు ఇంత దాహం?"

అదే ఆయనకూ తెలియదు. పులిగడ్డ వైపు నుంచి గాలి వస్తోంది. సత్యవతమ్మ మిగతా సగం కూడా ఆయనకే వదిలేసి కోడూరులో దిగిపోయింది.

వేదవతి గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఫోనులో అంతా విని ఉంది. "ఏం అన్నయ్యా, పిల్లని బళ్ళో వదిలేసి బందరు బస్సెక్కావట. ఎవరైనా వింటే నవ్విపోరూ?" అని నవ్వబోయి, ఆయన వాలకం చూసి ఆగింది. "పెద్దన్నయ్యకీ ఇలాగే..." అని నాలుక కరుచుకుంది.

ఆ మాట అనేసినా, మింగేసినా ఒకటే. పెద్దన్నయ్య అవనిగడ్డలో మాస్టరు చేసి రిటైరయ్యారు. చివరి రోజుల్లో పొద్దున్నే స్నానం చేసి, పంచె కట్టుకుని, ఎప్పుడో వదిలేసిన బడికి బయలుదేరేవారు. ఒకనాడు ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది మూర్తిగారే. "ఎవరబ్బాయివి నువ్వు?" అని ఆయన దారంతా మర్యాదగా అడిగారు. ఇప్పుడు ఆ దారి తన ముందు కనిపిస్తోంది. ఒకరోజు తన్మయి పేరు అడగవలసి వస్తుందేమో.

వేదవతి శనివారం పూజ ముగించి తీర్థం ఇచ్చింది. ఆ వెంటనే, ఎప్పటిలాగే, ఓ చిన్న సీసా మూత తీసి అందులోని తియ్యటి ద్రవం అదే అరచేతిలో కొంచెం కొంచెంగా పోసింది. "ఎముకలకి మంచిది," అంది. ఆయన తీర్థంలాగే కళ్ళకద్దుకుని తాగారు.

*

ఆదివారం అందరూ బందరులో కలవాలన్నది హరిచందన నిర్ణయం. వేదవతి అన్నతోపాటే బస్సెక్కి వచ్చింది. భోజనాలయ్యాక ముందు గదిలో మాట మొదలైంది. ఆయన ఎదుటే, ఆయన లేనట్టు.

"బెజవాడలో మెదడు డాక్టరుకి చూపిద్దాం," అన్నాడు ఆత్రేయ. "అప్పటిదాకా ఈ తిరుగుడు కట్టు. ఒక్కచోటే ఉండాలి."

"ఇక్కడే ఉంటారు," అంది సువర్చల.

"గుడివాడ ఎప్పుడైనా చూసిపోవాలంటే మేమే తీసుకెళ్తాం," అంది హరిచందన. ఆ 'ఎప్పుడైనా' అన్న మాట ఆయన గుండెల్లో మేకులా దిగింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. అక్కడా నిలవలేక వంటింట్లోకి నీళ్ళ కోసం వెళ్ళారు.

వెనకే సువర్చల వచ్చి పాలు కాచింది. "రాత్రి హడావిడిలో మర్చిపోతానేమో, ఇప్పుడే తాగేయండి మావయ్యగారూ," అంటూ పొడి పొట్లం చింపి గ్లాసులో కలిపింది. గిన్నెలు పెట్టడానికి వచ్చిన వేదవతి చూసింది.

"ఏంటమ్మా అది?"

"ఆదివారం మందు అత్తయ్యగారూ. ఎముకలకి డాక్టరుగారు రాసిందే."

"అది నిన్ననే పట్టానే నేను!"

"నిన్న పట్టారా?"

"నిన్నేంటి, ప్రతి శనివారం పడుతూనే ఉన్నాను. చీటీ ఫోటో చూపిస్తే మా ఊరి షాపువాడు చిన్న సీసాలిచ్చాడు. నువ్వు ఇంటిపనిలో పడి మర్చిపోతావేమోనని..."

"నేను మర్చిపోతానా?" సువర్చల మొహం ఎర్రబడింది. "దేవుడి దగ్గర దీపమైనా మర్చిపోయానేమో గానీ ఇది ఒక్క ఆదివారం మానలేదు."

"నిన్నేమన్నానే తల్లీ, ఉడుక్కోకు!"

గుమ్మంలో నిలబడ్డ హరిచందన వెనక్కి తిరిగింది. ముందు గదిలోకి వెళ్ళి తన హ్యాండ్‌బ్యాగు తెచ్చి, అందులోంచి గోళీల అట్ట తీసి పొయ్యి గట్టు మీద పెట్టింది. సగం ఖాళీ.

"గురువారాలు," అంది.

వేదవతి చెంప మీద వేలు పెట్టుకుంది. "నువ్వూనా! లెక్కల లెక్చరరువి కదే, వారానికొకటంటే మూడని ఎవరు నేర్పారే నీకు?"

"నేను వేసింది వారానికి ఒక్కటే అత్తయ్యా. నాకు నా ఒక్కటే తెలుసు."

చప్పుడుకు ఆత్రేయ వచ్చాడు. "చీటీ గ్రూపులో పెట్టింది మీకు తెలియడానికి! కొనడానికి కాదు!"

"తెలిశాక చేతులు ముడుచుకుని కూర్చుంటామట్రా? మా అన్నయ్య కాడూ?"

"నా కళ్ళజోడు ఇవ్వండి," అన్నారు మూర్తిగారు.

అందరూ ఆయన ఉన్నారని అప్పుడే గుర్తొచ్చినట్టు చూశారు. ఆయన పొట్లం కాగితం, గోళీల అట్ట, వేదవతి సంచిలోంచి వచ్చిన సీసా వెలుతురులో పక్కపక్కనే పెట్టుకున్నారు. పైన పెద్ద అక్షరాలు మూడు వేరువేరు పేర్లు. కింద చీమల్లాంటి అక్షరాలు. ఆయన కూడబలుక్కుంటూ చదివారు. కోలెకాల్సిఫెరాల్. రెండోది, కోలెకాల్సిఫెరాల్. మూడోది కూడా అదే. మూడింటి మీదా అరవై వేల యూనిట్లే.

"ఒకటే," అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. ఇన్నాళ్ళూ ఇంత చిన్న అక్షరాలు తన అరచేతిలోనే ఉన్నాయా అన్న ఆశ్చర్యం ఉంది.

పాల గ్లాసు మీద మీగడ కట్టింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

*

"ఆ పాలు తాగలేదు కదా?" అని ఫోనులోనే అడిగారు డాక్టర్ పూర్ణచంద్రరావు. "వెంటనే తీసుకురండి."

రక్తంలో కాల్షియం బాగా ఎక్కువైంది. మూత్రపిండాల మీద కూడా కొంత ఒత్తిడి పడింది. ఆసుపత్రిలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. డాక్టరు మంచం పక్కన నిలబడి ముగ్గురు ఆడవాళ్ళనీ ఒకసారి చూశారు.

"ఒక్కొక్కరూ సరిగ్గానే ఇచ్చారమ్మా. కూడినవాళ్ళే లేరు. కొన్ని విటమిన్లు ఎక్కువైతే నీళ్ళతో బయటికి పోతాయి. ఇది అలా కాదు, ఒంట్లో కొవ్వులో దాక్కుంటుంది. దాక్కున్నది పోగుపడి, ఎముకల్లో ఉండాల్సిన కాల్షియాన్ని రక్తంలోకి తోసింది. దాహం, వికారం, కుదురు లేకపోవడం అన్నీ దానివల్లే."

"మరుపో?" అన్నారు మూర్తిగారు.

"దానివల్లే కావచ్చు. కాల్షియం దిగాక చూద్దాం. ముందే మాటివ్వను." ఆయన ఆగి, "తప్పు ఎవరిదైనా ఉందంటే మీదే మాస్టారూ. చేతులు వాళ్ళవైనా నోరు మీదేగా," అన్నారు.

"అవునండీ," అన్నారు మూర్తిగారు.

కొన్నాళ్ళు పాలు, పెరుగు తగ్గించమన్నారు. పెరుగన్నం లేని భోజనం ఆయనకు సగంలో లేచిపోయినట్టుండేది. సువర్చల చారు మరో రెండు రకాలు నేర్చుకుంది. "ఎండలో కూర్చోనా?" అని అడిగితే, "నేను చెప్పేదాకా మీ గొడుగు మీ దగ్గరే ఉంచుకోండి," అన్నారు డాక్టరు.

వికారం ముందు తగ్గింది. తర్వాత దాహం. మరుపు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. బందరు ఇంట్లో ఆయన రోజూ తనను తాను పరీక్షించుకునేవారు. తనతో పనిచేసినవాళ్ళ పేర్లు, బస్సు దారిలో ఊళ్ళు. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి... కొన్ని రోజులు వచ్చేవి, కొన్ని రోజులు మధ్యలో ఓ ఊరు జారిపోయేది. జారిన రోజు రాత్రి నిద్ర ఉండేది కాదు. పెద్దన్నయ్య పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడినట్టుండేది.

ఒక మధ్యాహ్నం, సువర్చల పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, ఆయన ఏమీ తలుచుకోకుండా ఊరికే కూర్చుని ఉన్నారు. ఎండ్రకాయ గుర్తొచ్చింది. ఏరు ఇటు లాగుతోంది, సముద్రం అటు లాగుతోంది. అది రెండింటికీ లొంగకుండా ఇసుకలో బొరియ తవ్వుకుని, పోటు దిగేదాకా కూర్చుంది. తర్వాత సంగతి అదే! ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి, "అమ్మా, బొరియ!" అన్నారు. సువర్చలకు ఏమీ అర్థం కాలేదు. అయినా చేతిలోని బట్ట వదిలేసి నవ్వింది. ఆ సాయంత్రం ఆయన ఫోనులో తన్మయికి కథ బొరియ దాకా చెప్పారు.

రెండోసారి రక్తపరీక్షలో కాల్షియం మామూలుకొచ్చింది. విటమిన్ ఇంకా నెమ్మదిగా దిగుతోంది. "నెలల మీద దిగుతుంది, కంగారొద్దు," అన్నారు డాక్టరు. "మళ్ళీ ఎప్పుడు, ఎంత వాడాలో పరీక్ష చూసి నేను చెప్తాను. ఒకే ఇంట్లో, ఒకే చేత్తో." ఆ సాయంత్రం మూర్తిగారు ఇంటి గ్రూపులో మొదటిసారి తనే రాశారు: "ఇకనుంచి ఆ చెయ్యి నాదే."

*

ఆయన గుడివాడ బస్సెక్కడానికి ఆత్రేయ ఒప్పుకునేసరికి బళ్ళు మళ్ళీ తెరిచారు. గురువారం. బస్టాండులో దిగి, కుళాయి దగ్గర ఒక్కసారి నీళ్ళు తాగారు. చాలనిపించింది. అలా చాలనిపించినందుకే కాసేపు అక్కడ నిలబడ్డారు.

ఫోను మోగింది. "నాన్నా," అంది హరిచందన, కొంచెం తొందరగా. "నాకు కాలేజీలో మీటింగు పడింది. జకరయ్యేమో పెళ్ళికి వెళ్ళాడట. నువ్వు... తన్మయిని..."

మూర్తిగారి ఎదుటే, టీకొట్టు దగ్గర, జకరయ్య తన ఆటోకి ఆనుకుని టీ తాగుతున్నాడు. ఆయన్ని చూడగానే తల పక్కకు తిప్పేసుకున్నాడు.

"అలాగేనమ్మా. నువ్వు మీటింగు చూసుకో," అన్నారు ఆయన.

బడి గేటు ఇంకా తెరవలేదు. ఆయన గోడ నీడలో నిలబడి ఎండ్రకాయ కథ మొదటినుంచి ఒకసారి నెమరు వేసుకున్నారు. ఎక్కడా తెగలేదు. గంట కొట్టారు. పిల్లల గుంపులోంచి తన్మయి దూసుకొచ్చి, ఆయన చెయ్యి పట్టుకోకముందే ఆ చేతిలో ఏదో పెట్టింది.

"ఈ రోజు కీర్తి పుట్టినరోజు. నీక్కూడా ఒకటి అడిగి తెచ్చాను. తిను."

చాక్లెట్. ఆయన దాన్ని తిరగేసి, కళ్ళజోడు సర్దుకుని, కాగితం మీది చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టారు.

"చదవకు తాతయ్యా! తినమంటే!"

"పంచదార," అని చదివారు ఆయన పైకి. "పాలపొడి. ఉప్పు కొద్దిగా..."

"బొరియలోకి వెళ్ళాక ఎండ్రకాయ ఏం తిన్నది? అది కూడా చదివే తిన్నదా?"

"అదే చెప్పబోతున్నాను," అంటూ ఆయన చాక్లెట్ సగం విరిచి ఆమెకిచ్చారు. ఇద్దరూ నడక సాగించారు. మలుపు దగ్గర ఆయన ఒకసారి వెనక్కి చూశారు. పెళ్ళికి వెళ్ళిన జకరయ్య ఆటో, పిల్లలెవరూ ఎక్కకుండానే, వాళ్ళ వెనకే కాలినడక వేగంతో వస్తోంది. మూర్తిగారు చూడనట్టే ముందుకు తిరిగి, మనవరాలి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుని, కథ అందుకున్నారు.